వాత పెట్టిన చేయి

అవ్వ పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను మా టమాటా తోటలో కట్టెలు పాతిస్తున్నాను. "మీ అవ్వ పోయిందే," అంది అమ్మ. "పొద్దున్నే వాకిట్లో కూచోని శెనక్కాయలు ఒలస్తా ఉండింది. నేను చెంబుతో నీళ్లు తెచ్చే లోపల గోడకి ఒరిగిపోయింది." మళ్లీ తనే, "ఒళ్లో కాయలు ఒక్కటీ కింద పళ్లేదు," అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అవ్వ చావుతో కూడా కొట్లాడే పోతుందని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. కొట్టడం, తిట్టడం, కాల్చడం, వీటితోనే ఆమె మమ్మల్ని పెంచింది. ఇంటివాళ్లను అంతగా ప్రేమించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు, అంతగా కొట్టిన మనిషిని కూడా చూడలేదు. పోయినవాళ్లను పొగడడం మర్యాదని తెలుసు. కానీ అవ్వను వట్టి మంచిదానిగా రాస్తే పాడె మీంచి లేచి వచ్చి నా నెత్తిన మొట్టుతుంది.

అవ్వ మా నాయనకు తల్లి. తమిళనాట ధర్మపురి వైపు, ఏ. పళ్లిపట్టి కూడలిలో బస్సు దిగి మైలు దూరం నడిస్తే మా పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్లలో ఎవరికీ తెలుగు రాయడం రాదు. నేను హోసూరు వైపు కోడలిగా వెళ్లాక, అక్కడి బడిలో తెలుగు చదివిన మా ఆడపడుచు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. అవ్వ గురించి రాయాలని అప్పటినుంచీ ఉంది. ఆమె గురించి రాస్తే నేను చేసిన పని కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను.

తాత పాము కరిచి పోయేనాటికి నాయనకు నాలుగేళ్లు. ఏడాది తిరక్కముందే తాత తమ్ముడు, మేం చిన్నతాత అని పిలిచే ఆయన, గట్టు దాటి మా మెట్ట చేలోకి నాగలి తోలాడు. అవ్వ పోయి ఎద్దుల ముందు నిలబడింది. ఆ ఎద్దులకు రోజూ కుడితి పెట్టేది ఆమే. అవి ఆగిపోయాయి. ఆయన ఎద్దుల్ని బాదాడు. అవి కదల్లేదు. అప్పుడు అవ్వ ఆయన చేతిలోని ముల్లుకర్ర లాక్కుని మూతి మీద కొట్టింది. ముందు పళ్లు రెండు ఊడి చాల్లో పడ్డాయి. ఈ కథ నాకు చెప్పింది అవ్వ కాదు, చిన్నతాతే. పళ్లు లేని చిగుళ్లు చూపించి నవ్వుతూ చెప్పేవాడు. "మీ అవ్వ కొట్టినంక మళ్లా గట్టు దిక్కు చూస్తే ఒట్టు," అనేవాడు. ఆ వారంలోనే ఆయన ఎద్దుకు కాడి పడి మెడ వాస్తే, వైద్యం చేయడానికి వెళ్లింది కూడా అవ్వే.

ఆ వైద్యం పేరు వాత. పశువుకు మెడ వాచినా, కాలు పట్టేసినా అవ్వ ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి చర్మం మీద గీత గీసేది. నలుగురు మగవాళ్లు ఎద్దును కింద పడేసి కాళ్లు కట్టి పట్టుకునేవాళ్లు. చుయ్యిమని చప్పుడు, వెంట్రుకలు కాలిన వాసన, ఎద్దు అరుపు. మేం పిల్లలం చెవులు మూసుకుని చూసేవాళ్లం. అవ్వ చేయి మాత్రం వణికేది కాదు. అయ్యాక ఆ ఎద్దు ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, నుదురుకు నుదురు ఆనించి, "అయిపోయింది లేరా, అయిపోయింది," అని బతిమాలేది.

మమ్మల్ని అలా బతిమాలిన గుర్తు నాకు లేదు. సంగటి ముద్ద వద్దంటే వీపు మీద ఒకటి పడేది. "ఏడ్చేదుంటే తిని ఏడువు. కాళీ కడుపుతో ఏడిస్తే నీరసం వస్తాది," అనేది. ఏడుస్తూ తినేవాళ్లం. తినేదాకా పక్కనే కూర్చునేది, మేం పూర్తిచేసి లేస్తే గాని తను ముద్ద ముట్టేది కాదు. ఒకసారి స్కూల్లో సారు నా చెవి మెలేసి రక్తం తెప్పించాడని తెలిసి, మడి దున్నుతున్న నాయనను పిలవకుండా తనే వెళ్లింది. తరగతిలో అందరి ముందూ ఆయన చెవి పట్టుకుంది. నన్ను ఇంటికి తీసుకొచ్చాక, లెక్క తప్పు చేసినందుకు నాకు వేరే పడింది.

మనుషులకు అవ్వ కడ్డీ వాడేది కాదు. మా వైపు పసుపు బాగా పండుతుంది. ఎండిన పసుపు కొమ్మును దీపం మీద పట్టి, కొన నిప్పయ్యాక చర్మానికి ఆనించేది. పచ్చకామెర్లకు మణికట్టు మీద, పసిబిడ్డలకు బొడ్డు చుట్టూ. బొమ్మిడిలో రైలు దిగి బస్సు పట్టుకుని మరీ వచ్చేవాళ్లు. ఆదివారం మా వాకిలి నిండా పిల్లల ఏడుపులే. ఎవరైనా తల్లి కళ్లు తుడుచుకుంటే, "నొప్పి తెలిసిందంటే లోపల ప్రాణం గట్టిగా ఉండాదని. సంతోషపడు," అని గదిమేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు కామెర్లు వచ్చాయి. నాయన రెండు చేతులూ అదిమి పట్టుకుంటే అవ్వ నా కుడి మణికట్టు మీద వాత పెట్టింది. నేను ఆమెను కరిచాను. కరిచిన చోట రక్తం కారుతుంటే ఆమె నా చేయి వదల్లేదు. పదిహేను రోజులకు కళ్లలో పసుపు పోయింది. పథ్యం తిని, పడుకుని ఉంటే అదే పోయేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడైతే ఆ మచ్చను బడిలో అందరికీ చూపించుకుని తిరిగాను.

పెళ్లయ్యాక కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల. మూడో రోజుకు బిడ్డ ఒళ్లు పసుపు తిరిగింది, నాలుగో రోజుకు కళ్లు కూడా. అమ్మ మొదట్నుంచీ ఒకటే మాట అంది. "అత్తా, ఆస్పత్రికి తీసకపోదాం. రేపటికి వద్దు, ఇప్పుడే."

"నీ మొగుడికి పెట్టింది ఎవరు? దీనికి పెట్టింది ఎవరు?" అని నా చేయి పట్టుకుని మణికట్టు మచ్చ అమ్మ కళ్ల ముందు ఆడించింది అవ్వ. "బతికినారా లేదా?"

అమ్మ నా వైపు చూసింది. బిడ్డ నాది. వద్దని నేను ఒక్క మాట అంటే చాలు, అవ్వ ఆగేదేమో. నేను నా మచ్చ చూసుకున్నాను. "పెట్టనీలేమ్మా," అన్నాను.

కాళ్లు పట్టుకున్నది నేనే. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల బిడ్డ కాళ్లు రెండూ కలిపి నా ఒక్క గుప్పిట్లో సరిపోయాయి. బొడ్డు చుట్టూ నాలుగు చోట్ల. మొదటిదానికి బిడ్డకు ఊపిరి ఆగిపోయి నోరు తెరుచుకుంది, గొంతు మాత్రం రాలేదు. రెండోదానికి వచ్చింది. అవ్వ ఎద్దును బతిమాలినట్టే దాని నుదుటికి తన నుదురు ఆనించి, "అయిపోయింది లేవే తల్లీ," అంది.

రెండు రోజులకు పుండ్లు చీము పట్టాయి. బిడ్డ పాలు తాగడం మానేసింది, ఒళ్లు కాలిపోతోంది. అప్పట్లో 108 వ్యాన్లు లేవు. పళ్లిపట్టి కూడలి దాకా నాయన పరిగెత్తి ఒక వ్యాన్ మాట్లాడాడు. అవ్వ ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది. ధర్మపురి పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ గుడ్డ తీసి చూసి, తమిళంలో ఒక్కటే అడిగింది, ఎవరు వాత పెట్టింది అని. అవ్వ ముందుకు వచ్చి, "నేనే," అంది.

డాక్టరమ్మ అరిచిన అరుపులకు వార్డంతా మా చుట్టూ చేరింది. చీము నెత్తుట్లోకి ఎక్కితే బిడ్డ మిగలదంది. కామెర్లకు నీలం లైటు కింద రెండు రోజులు పెట్టి ఉంటే పోయేదానికి ఇంత చేశారంది. బిడ్డను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. బయట వరండాలో అవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను ఆమెను కొట్టాను. ఒక దెబ్బ కాదు. చెంప మీద, భుజాల మీద, రెండు చేతులా. గోడకు తోసేశాను, ఆమె తల గోడకు తగిలి చప్పుడైంది. "చంపేసినావే నా బిడ్డను, చంపేసినావే," అని అరుస్తూ కొట్టాను. ఊళ్లో ఎవరి చేతా దెబ్బ తినని అవ్వ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ముఖం పక్కకైనా తిప్పుకోలేదు. నాయన వచ్చి లాగేదాకా అలాగే నిలబడి తిన్నది. పచ్చి బాలింత నా ఒంట్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఒకటి తెలుసు. కాళ్లు పట్టుకున్న చేతులు నావని తెలిసే అంత గట్టిగా కొట్టాను.

అవ్వ ఆ రోజే బస్సెక్కి ఇంటికి వెళ్లింది. తర్వాత జరిగింది నాకు ఇంటి దగ్గరే ఉండిపోయిన అమ్మ చెప్పింది. వాకిట్లో చింత మొద్దు రాజేసి, ఎద్దుల కడ్డీని అందులో పెట్టి, ఎర్రగా అయ్యేదాకా పక్కనే కూర్చుంది. ఎవరి పశువుకో అనుకుంది అమ్మ. అవ్వ కడ్డీని ఎడమ చేత్తో తీసి, కుడి అరచేతిలో పెట్టుకుని, వేళ్లు మూసింది.

అమ్మ పరిగెత్తి లాగేసరికి చర్మం కడ్డీకి అంటుకుని వచ్చింది. అవ్వ అరవలేదంట. పళ్లు కొరికిన చప్పుడు మాత్రం వినపడిందంట. "ఈ చెయ్యి ఇంగ ఏదీ పట్టకూడదు," అందంట.

ఆ మర్నాడు సంగతి తెలిసి మా ఆయనా మరిదీ వచ్చి మా వాకిట్లో నీళ్ల బానలు పగలగొట్టారు, పశువుల కొట్టం తడికలు విరిచారు, అవ్వను నోటికొచ్చినట్టు తిట్టారు. చేతికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చుని చూసింది అవ్వ. నాయన కొడవలి అందుకోబోతే కాలు అడ్డం పెట్టి ఆపింది. వాళ్లు వెళ్లాక ఎడమ చేత్తో చీపురు పట్టి పెంకులు ఊడ్చింది.

బిడ్డ బతికింది. తొమ్మిది రోజులు సూదులు పొడిచి బతికించారు. బొడ్డు చుట్టూ నాలుగు మచ్చలు మిగిలాయి. నన్నూ బిడ్డనూ ఆస్పత్రి నుంచి నేరుగా హోసూరు వైపు తీసుకుపోయారు. పుట్టింటి గడప తొక్కనివ్వలేదు, తొక్కాలని నాకూ లేదు.

ఏడాదిన్నరకు గాని నేను మళ్లీ అవ్వను చూడలేదు. చూసినప్పుడు మొదట కనబడింది ఆ చెయ్యే. వేళ్లు లోపలికి ముడుచుకుని అలాగే అతుక్కుపోయాయి. పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు. "ఎందుకవ్వా ఇట్లా చేసుకున్నావు?" అని అడిగాను. క్షమించమని అడగాలని వచ్చి, ఆ మాట అడిగాను.

"నువ్వు కొట్టింది చాల్లేదు పాపా," అంది అవ్వ. "అందుకని."

ఆ చేత్తో ఆమె మళ్లీ సంగటి చుట్టడం నేర్చుకుంది. ముద్దకు ఒక పక్క ఎప్పుడూ సొట్ట ఉండేది, అందులో పులుసు పోసుకోవడానికి బాగుంటుందని నాయన అనేవాడు. ఆదివారాలు జనం రావడం మాత్రం ఆగలేదు. వాత పెట్టనంటే వాళ్లు నమ్మరు, కాళ్లు పట్టుకుంటారు. అవ్వ ముడుచుకున్న చెయ్యి వాళ్ల ముఖం మీదికి చాచి, "ఇది చూడు. నా మునిమనవరాలికి పెట్టినందుకు నాకు నేను పెట్టుకున్నా. నీకూ కావాల్నా?" అనేది. అప్పటికీ కదలకపోతే చీపురు తిరగేసేది. బిడ్డను చంకనేసుకున్న తండ్రుల చొక్కా పట్టుకుని కూడలి దాకా ఈడ్చుకుపోయి బస్సెక్కించేది. "దిగినావంటే కాళ్లిరగ్గొడతా. ఆస్పత్రిలో దిగు." పక్క ఊళ్లో ఒకాయన ఆమె పని తను మొదలుపెట్టాడని తెలిసి, వెళ్లి ఆయన దీపం, పసుపు, కుంపటి అన్నీ బావిలో పారేసి వచ్చింది. ఆయన కొట్టాడు. పై పెదవి చీలి, నవ్వుతూ ఇంటికి వచ్చింది. తర్వాత్తర్వాత 108 వ్యాను డ్రైవరుకు కూడా ఆమె తెలుసు. మా వీధిలో ఆగినప్పుడు, "ముసలమ్మా, ఈ రోజు ఎవర్ని కొట్టి ఎక్కిస్తావు?" అనేవాడంట.

నా పాప పెద్దదవుతుంటే మా అత్తింటివాళ్ల కోపం కొంచెం తగ్గింది. వేసవి సెలవులకు పంపేవాళ్లు. పాప అవ్వ దగ్గరికి పరిగెత్తేది. అవ్వ ఆ చేతిని కొంగులో చుట్టేసి వెనక్కి పెట్టుకునేది. ఎత్తుకోలేదు, తల నిమరలేదు, జడ వేయలేదు. ఎడమ చేత్తో మామిడిపండు తొక్క ఒలిచి పళ్లెంలో పెట్టి పళ్లెం ముందుకు జరిపేది, పాప చేతికి ఇచ్చేది కాదు. సర్కారు ఇచ్చిన టీవీ ముందు ఇద్దరూ మూరెడు దూరంలో కూర్చునేవాళ్లు. నిద్రపోతున్న పాపకు చాలాసేపు విసనకర్రతో విసిరేది, ఈగ వాలితే ఉఫ్ అని ఊదేది, చెయ్యి మాత్రం వేసేది కాదు. "ముట్టుకో అవ్వా, ఏం కాదు," అని ఒక్కసారి అన్నాను. నా వైపు చూసిన చూపుకు మళ్లీ అనలేదు.

పాప కడుపు మీద మచ్చలేంటని అడిగితే, చిన్నప్పుడు అమ్మవారు పోసిందని చెప్పాను. అవ్వను ద్వేషిస్తుందని భయం. ఇంకో భయం కూడా ఉంది, కాళ్లు ఎవరు పట్టుకున్నారని అడుగుతుందని.

ఫోన్ వచ్చిన రోజు మేం చేరేసరికి అవ్వను బెంచీ మీద పడుకోబెట్టారు. స్నానం చేయించేటప్పుడు ఆ వేళ్లు విప్పాలని చూశాను, రాలేదు. నా కన్నీళ్లు ఆ గుప్పిట్లో పడ్డాయి, అందులోనే నిలిచాయి. చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పలేదు, ఎనిమిదేళ్లు టైముంది నాకు. దొంగదాన్ని. ఆమె కాల్చింది నమ్మకంతో. నేను కొట్టింది నా తప్పు దాచుకోవడానికి.

పాడె లేచే ముందు మా వైపు నెయ్యి పందాలు, అంటే నేతి కాగడాలు, పట్టుకుంటారు. పుల్లలకు గుడ్డ చుట్టి నేతిలో ముంచి వెలిగించి, మనవళ్లూ మనవరాళ్లూ వాళ్ల పిల్లలూ శవం చుట్టూ మూడుసార్లు తిరగాలి. కర్మ చేయించే పెద్దాయన పిలిచాడు. పాప ముందుకు వెళ్లింది. నేను దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగాను.

"దీనికి వద్దు."

"అదేందే? ఒక్కగానొక్క మునిమనవరాలు," అంది అమ్మ.

"నిప్పు వద్దు. దీనికి అవ్వ దగ్గర నిప్పు వద్దు," అని అందరి ముందూ అరిచాను. మా ఆయన తల దించుకున్నాడు. పాప నా ముఖం చూసింది.

"అమ్మా, నాకు తెలుసు. అవ్వ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"పోయిన ఎండాకాలం. నీ కడుపు మీద ఉండేవి నేను పెట్టినవే, నా చేతిలో ఉండేది కూడా నేను పెట్టుకునిందే, ఏది పెద్దదో చూడు అనింది." చొక్కా మీద నుంచి కడుపు తడుముకుంది. "ఆమెదే పెద్దది."

"నిన్ను ముట్టుకునిందా?" అని అడిగాను.

"లేదు. నేనే ముట్టుకుంటిని. మూసిన చేతిలోపల వేలు పెట్టినా. గిలిగింతలని తిట్టింది, చెయ్యి మాత్రం ఎనక్కి తీసుకోలేదు." గొంతు తగ్గించింది. "నువ్వు కొట్టినావంట గదా. మీ అమ్మ బాగా కొట్టింది, నిన్ను ఎవరన్నా ఏమన్నా చేస్తే అట్లా కొడతాది, భయపడొద్దు అనింది."

"కాళ్లు..." అన్నాను. "నీ కాళ్లు పట్టుకునింది నేనే పాపా."

అవ్వ అదీ చెప్పిందో లేదో నాకు తెలియదు. పాప నా మణికట్టు మీది పాత మచ్చను చూసి, రెక్క విడిపించుకుని వెళ్లి పెద్దాయన చేతిలోని పందం తీసుకుంది.

పిల్లలందరూ బెంచీ చుట్టూ తిరిగారు. మిగతావాళ్లు పందాలు ముందుకు పట్టుకుని, అవ్వ మీదుగా మంట ఊగేలా నడిచారు. పాప మాత్రం తన పందాన్ని పక్కకు, చెయ్యి చాచగలిగినంత దూరం చాచి పట్టుకుంది. నెయ్యి కరిగి ముంజేతి మీద పడుతున్నా దించలేదు. దగ్గరగా పట్టుకోమ్మా, అలా కాదు అన్నాడు పెద్దాయన. పాప తల అడ్డంగా ఊపింది.

"అవ్వకు సెగ తగులుతాది," అంది. అవ్వ ముఖానికీ మంటకూ మధ్య తన రెండో చెయ్యి అడ్డం పెట్టి, మూడో చుట్టు కూడా అలాగే తిరిగింది.